కొత్తవాడ షత్రంజీల సైట్: ఏ డ్రాప్‌డౌన్ ఉంచాం, ఏది పీకేశాం

వరంగల్ కొత్తవాడలో తరాలుగా షత్రంజీలు అమ్ముతున్న ఒక దుకాణానికి ఈ మధ్య వెబ్‌సైట్ కొత్తగా కట్టిచ్చాను. షత్రంజీ అంటే మగ్గం మీద నేసే మందపాటి నూలు జంపఖానా. బయటి మార్కెట్లో వీటిని వరంగల్ డర్రీలు అంటారు. 2018లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఈ దుకాణానికి మహారాష్ట్ర, కర్ణాటక నుంచి కూడా ఎంక్వయిరీలు వస్తాయి. ఆ మహారాష్ట్ర సంగతి కింద అక్షరాల దగ్గర మళ్లీ వస్తుంది.

పాత సైట్ ఎవరో రెడీమేడ్ టెంప్లేట్ మీద చేసిచ్చింది. కొత్తది వెబ్‌ఫ్లోలో చేశాం, కోడ్ రాయకుండా సైట్లు కట్టుకునే బిల్డర్ అది. మొదటి మీటింగ్‌లోనే యజమాని చెప్పేశాడు: "అన్నీ డ్రాప్‌డౌన్‌ల పెట్టు తమ్మీ. పేజీ సాఫ్‌గ కనబడాలె."

దాదాపు ప్రతి క్లయింటూ ఇదే అంటాడు. డ్రాప్‌డౌన్ అంటే ఒత్తితే కిందికి తెరుచుకునే జాబితా. అది పెడితే పేజీ సాఫ్‌గా కనిపించే మాట నిజమే. ఉన్న సరుకంతా లోపల దాచేస్తుంది కాబట్టి అలా కనిపిస్తుంది. దాచిందాన్ని కొనేవాడు ఒత్తి తెరవాలి, చదవాలి, ఎంచుకోవాలి. అందుకే రంగులు, అంచులు, బాణం గుర్తుల జోలికి పోకముందు ఒక్కోదాని దగ్గర ఆగి, దీన్ని దాచితే ఎవరికి లాభం అని చూస్తాను. ఈ సైట్‌లో సగం పని అక్కడే తేలిపోయింది. మిగతా సగం తెలుగు ఒత్తులకు చోటు చూడటంతో సరిపోయింది.

పాత ఫారం సంగతి

ఎంక్వయిరీ ఫారంలో ఐదు డ్రాప్‌డౌన్‌లు ఉండేవి: రకం, సైజు, రంగు, రాష్ట్రం, జిల్లా. దుకాణంలో ఆర్డర్లు చూసుకునే అబ్బాయి తన ఫోన్‌లో మెయిళ్లు తీసి చూపించాడు. చాలావాటిలో సైజు 2×3 అడుగులు అని ఉంది. అది గుమ్మం ముందు వేసుకునే పట్టా సైజు. కింద మెసేజ్ డబ్బాలో మాత్రం "పెళ్లి ఉంది, హాల్లో పరచడానికి కావాలి" అని రాసి ఉంటుంది. పెళ్లి హాల్లో ఎవరూ కాళ్లు తుడుచుకునే పట్టాలు పరచరు కదా. అసలు సంగతేంటంటే, లిస్టులో మొదటిది 2×3. పేజీ తెరవగానే అదే ఎంపికై ఉంటుంది. జనం దాన్ని ముట్టుకోకుండానే సబ్మిట్ కొట్టేస్తున్నారు. "ఒక్కొక్కలకు ఫోన్ జేసి మల్ల అడుగుడే అన్నా" అన్నాడు అబ్బాయి.

జిల్లాల లిస్టు ఇంకో తలనొప్పి. 2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాత వరంగల్ నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండగా, రూరల్ పేరు వరంగల్‌గా మారింది. పాత సైట్‌లోని లిస్టు 2016 దగ్గరే ఆగిపోయింది. అందులో ములుగు లేనే లేదు. మేడారం జాతర ముందు ఈ దుకాణానికి ఆ వైపు నుంచే ఎక్కువ మంది అడుగుతారు. జాతరలో కింద పరచుకుని కూర్చోవడానికి, పడుకోవడానికి షత్రంజీ కావాలి మరి. వాళ్లు తమ జిల్లా కోసం వెతికి, దొరక్క భూపాలపల్లి పెట్టేవాళ్లు, లేదంటే చేతికందింది పెట్టేవాళ్లు. వరంగల్ పట్నం వాళ్లకు ఇంకో తికమక. అప్పట్లో వాళ్లది అర్బన్, ఇప్పుడు వరంగల్ జిల్లా. పాత లిస్టులో ఉత్త "వరంగల్" అని ఏదీ లేదు.

ఇది స్టైలింగ్ తప్పు కాదు. ఆ డ్రాప్‌డౌన్ చూడటానికి బాగానే ఉంది, గుండ్రటి అంచులు, మంచి నీడ. కానీ లిస్టు పెట్టామంటే దాన్ని ఎప్పటికప్పుడు చూసుకునేవాడు ఒకడు ఉండాలి. చిన్న దుకాణంలో అంత తీరిక ఎవరికీ ఉండదు.

తీసేసినవి

జిల్లా డ్రాప్‌డౌన్‌ను పూర్తిగా తీసేద్దామన్నాను. పార్సిల్ చేరడానికి జిల్లా పేరు కంటే పిన్‌కోడ్ ముఖ్యం. 1972 నుంచి ఉన్న 6 అంకెల పద్ధతి అది. జిల్లా పేరు మారినా పిన్ మారదు. 506తో మొదలైతే వరంగల్ వైపే అని అబ్బాయికి చూడగానే తెలుస్తుంది. యజమాని మాత్రం ఒప్పుకోలేదు: "మనోళ్లకు పిన్‌కోడ్ యాదికుండదు తమ్మీ. అది అడిగితే ఫారం ఇడిశిపెట్టి పోతరు."

ఆయన మాటలో న్యాయం ఉంది. దాంతో మధ్యేమార్గం ఒకటి చూశాం. "ఊరు, మండలం" అని టైప్ చేసే డబ్బా తప్పనిసరి, పిన్‌కోడ్ ఇష్టమైతేనే. పిన్‌కోడ్ డబ్బాను ముట్టుకుంటే అంకెల కీబోర్డ్ మాత్రమే వచ్చేలా సెట్ చేశాను. లిస్టు అనేదే లేదు కాబట్టి రేపు ఇంకో జిల్లా పుట్టినా ఈ ఫారంలో మార్చాల్సింది ఏమీ లేదు.

సైజు డ్రాప్‌డౌన్ కూడా తీసేశాం. వాళ్ల దగ్గర ఎప్పుడూ స్టాక్ ఉండే సైజులు ఆరు. ఆరింటిని దాచాల్సిన పనేముంది? రేడియో బటన్లనే (ఒక్కటి మాత్రమే ఎంచుకోగలిగే బటన్లు) డబ్బాల్లా స్టైల్ చేసి, వరసకు రెండు చొప్పున పేర్చాను. ఒక్కో డబ్బాలో పైన పెద్దగా సైజు, కింద చిన్నగా అది దేనికి సరిపోతుందో: "3×6, ఒక మనిషికి", "4×6, మంచం మీదికి", "9×12, హాల్లోకి". ఏదీ ముందే ఎంపికై ఉండదు. ఎంచుకోకుండా ముందుకు పోనివ్వదు. ఆరు సైజులూ పక్కపక్కన కనిపిస్తుంటే పెళ్లివాళ్లు 2×3 ఒత్తరు. నా లెక్క ఇది: ఎంపికలు ఐదారు దాటకపోతే బయట పరిచేయడమే మేలు. ఏడెనిమిది ఉంటే ఆలోచిస్తాను. పదిహేను దాటితే డ్రాప్‌డౌన్ తప్పదు.

రంగు విషయంలో చర్చే లేదు. "మెరూన్" అనే మాట చదివి ఎవరూ షత్రంజీ కొనరు, ఫొటో చూసి కొంటారు. రకం అడగడం కూడా మానేశాం. ఫారం ఏ షత్రంజీ పేజీలో ఉందో ఆ పేరు కనిపించని ఫీల్డ్‌గా మెయిల్‌లోకి దానంతట అదే వెళ్తుంది. భాష మార్చుకోవడానికి డ్రాప్‌డౌన్ పెట్టమని యజమాని కొడుకు అడిగాడు. ఉన్నవి తెలుగు, ఇంగ్లిష్, రెండే భాషలు. పైన కుడివైపు రెండు లింకులు పెట్టి ఊరుకున్నాను.

చివరికి మూడు మిగిలాయి: పైన మెనూలో "షత్రంజీలు", ఉత్పత్తుల పేజీలో "వాడకాన్ని బట్టి", ఫారంలో "రాష్ట్రం".

రెండు రకాలు, రెండు దార్లు

కొత్తగా బిల్డర్ పట్టినవాళ్లు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు. వెబ్‌ఫ్లో ఎలిమెంట్ల ప్యానెల్‌లో డ్రాప్‌డౌన్ అని ఒకటి ఉంటుంది, ఫారం విభాగంలో సెలెక్ట్ అని ఇంకొకటి. మూసి ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ చేసే పనులు వేరు. డ్రాప్‌డౌన్ అంటే లింకుల పెట్టె, ఒత్తితే ఇంకో పేజీకి తీసుకెళ్తుంది. సెలెక్ట్ అంటే ఫారంలో ఒక జవాబు, సబ్మిట్ కొడితే ఆ విలువ మెయిల్‌లోకి వెళ్తుంది. ఫారం లోపల డ్రాప్‌డౌన్ పెట్టి అందంగా తీర్చిదిద్దితే చూడముచ్చటగానే ఉంటుంది, కానీ మెయిల్‌లో ఆ జవాబు రాదు. మెనూలో సెలెక్ట్ పెడితే, స్క్రిప్ట్ రాస్తే తప్ప ఏ పేజీకీ పోదు.

స్టైలింగ్‌లో తేడా ఇంకా ఎక్కువ. డ్రాప్‌డౌన్ ఎలిమెంట్‌లో ఒత్తే భాగం, తెరుచుకునే జాబితా, అందులోని లింకులు, అన్నీ మామూలు ఎలిమెంట్లే. ప్రతిదానికీ క్లాస్ (స్టైల్‌కు పెట్టే పేరు) ఇచ్చి ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. సెలెక్ట్‌లో మూసి ఉన్న డబ్బా మాత్రమే మన చేతిలో ఉంటుంది. తెరుచుకున్న జాబితాను గీసేది బ్రౌజర్, ఫోన్. ఆండ్రాయిడ్‌లో అది స్క్రీన్ మధ్యలో ఒక పెట్టెలా వస్తుంది, ఫోన్ ఫాంట్‌తోనే. ఐఫోన్‌లో ఐఓఎస్ 15 నుంచి చిన్న మెనూలా తేలుతుంది.

యజమానికి ఇది మింగుడు పడలేదు. "ఓపెన్ చేస్తే లోపట గూడ మెరూన్ రావాలె గద?" అని అడిగాడు. సెలెక్ట్‌ను పక్కన పెట్టి జావాస్క్రిప్ట్‌తో నకిలీ జాబితా కడితే మెరూన్ తెప్పించవచ్చు. కానీ అప్పుడు కీబోర్డుతో నడవడం, స్క్రీన్ రీడర్ చదవడం, వేలితో జారిస్తే సాఫీగా కదలడం అన్నీ మనమే రాసుకోవాలి. 36 పేర్ల రాష్ట్రాల జాబితాను ఫోన్ తానే చక్కగా చూపిస్తుంటే ఒక రంగు కోసం అదంతా నెత్తినేసుకోవడం నాకు నచ్చలేదు. డబ్బా అంచు మెరూన్, బాణం మెరూన్, లోపలిది ఫోన్ ఇష్టం అన్నాను. కాసేపు ఆలోచించి సరే అన్నాడు.

మెనూ

"షత్రంజీలు" డ్రాప్‌డౌన్‌ను నావ్‌బార్‌లోకి లాగి వదిలితే మూడు నమూనా లింకులతో వస్తుంది. వాటిని తీసేసి, జాబితా లోపల సీఎంఎస్ (సైట్‌లోని వివరాలు చేర్చి, మార్చుకునే చోటు) కలెక్షన్ లిస్టు పెట్టాను. కొత్త రకం వచ్చినప్పుడు అబ్బాయి సీఎంఎస్‌లో పేరు చేరిస్తే చాలు, మెనూలో అదే కనిపిస్తుంది. పని చేస్తుండగా జాబితా మూసుకుపోతూ ఉంటే విసుగొస్తుంది. సెట్టింగ్స్‌లో మెనూ "షో" అని పెట్టుకుంటే కాన్వాస్ మీద తెరిచే ఉంటుంది, నింపాదిగా స్టైల్ చేసుకోవచ్చు.

ఒత్తే భాగం తెరవడానికీ మూయడానికీ మాత్రమే, అది లింకు కాదు. "షత్రంజీలు" అని ఒత్తితే అన్నీ ఒకచోట కనిపించాలని జనం అనుకుంటారు కాబట్టి జాబితాలో మొదటి లింకుగా "అన్ని షత్రంజీలు" పెట్టాను.

మౌస్ పైకి పోగానే తెరుచుకునే సెట్టింగ్ ఉంది. వాడలేదు. ఈ దుకాణానికి వచ్చేవాళ్లు చాలావరకు ఫోన్ల మీదే వస్తారు, ఫోన్‌లో మౌస్ ఎక్కడిది? కంప్యూటర్‌లో కూడా ఒత్తే భాగానికీ జాబితాకూ మధ్య కొన్ని పిక్సెల్స్ సందు ఉంటే మౌస్ అది దాటేలోపే జాబితా మూసుకుపోతుంది. మూసుకోవడం ఆలస్యం చేసే సెట్టింగ్‌తో దాన్ని కప్పిపుచ్చవచ్చు. ఒత్తితేనే తెరుచుకునేలా పెడితే ఆ బాధే లేదు.

ఒక్కటి మాత్రం తెలుగు సైట్లలో తప్పకుండా చూసుకోవాలి. డ్రాప్‌డౌన్ లింకులకు డిఫాల్ట్‌గా "నో ర్యాప్" ఉంటుంది, అంటే పేరు ఎంత పొడుగున్నా ఒకే వరసలో పోతుంది. "హోమ్", "అబౌట్" లాంటి పొట్టి మాటలకు ఇబ్బంది లేదు. "కలంకారీ అచ్చు వేసిన షత్రంజీలు" అని పెట్టి చూడండి. 360 పిక్సెల్స్ వెడల్పున్న ఫోన్‌లో జాబితా స్క్రీన్ దాటి బయటికి పోతుంది, పేజీ మొత్తం పక్కకు ఊగుతుంది. చాలామంది ఆ ఊగడం ఆపడానికి పేజీకి ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే అంచు దాటినదాన్ని కోసేసే సెట్టింగ్, పెట్టేస్తారు. ఊగడం ఆగుతుంది, పేరు మాత్రం సగంలో తెగుతుంది. లింకుకు ర్యాప్ నార్మల్ చేసి, జాబితాకు గరిష్ఠ వెడల్పు 280 పిక్సెల్స్ ఇచ్చాను. పొడుగు పేర్లు రెండు వరసల్లోకి మడత పడ్డాయి.

ఫోన్ సైజుకు వచ్చేసరికి మూడు గీతల మెనూ వస్తుంది. అందులో డ్రాప్‌డౌన్ తెరిస్తే జాబితా కింది లింకుల మీద పడకుండా వాటిని కిందికి జరుపుతుంది. వెబ్‌ఫ్లో ఇది తానే చూసుకుంటుంది, జాబితా పొజిషన్‌ను స్టాటిక్‌గా మారుస్తుంది. అక్కడ నేను చేసిందల్లా నీడ తీసేసి, లోపలి లింకులను కొంచెం కుడికి జరపడం, ఒక్కో లింకు ఎత్తు 48 పిక్సెల్స్‌కు తగ్గకుండా చూడటం. సైట్లు అందరూ వాడుకునేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం ప్రకారం కనీసం 24 పిక్సెల్స్ ఉంటే చాలు. కానీ మగ్గం మీద పనిచేసే చేతులు, షత్రంజీ కట్టలు మోసే చేతులు కూడా ఈ మెనూ వాడతాయి. 24 వాళ్లకు చాలదు.

మహారాష్ట్ర దగ్గర

రాష్ట్రం సెలెక్ట్‌ను పెట్టి, పేర్లు నింపి, ప్రివ్యూ చూశాను. తెలంగాణ బాగుంది. కర్ణాటక బాగుంది. మహారాష్ట్ర ఎంచుకుంటే "ష్ట్ర" దగ్గర కింద కోత పడింది. ష కింద ట ఒత్తు, దాన్ని చుట్టి వచ్చే ర ఒత్తు రెండూ డబ్బా అంచు దగ్గర తెగి, పైన ష తల మాత్రమే మిగిలింది. ఛత్తీస్‌గఢ్‌లో త్తీ కింది భాగం కూడా ఒరుసుకుంటోంది.

కారణం అంకెల్లో ఉంది. వెబ్‌ఫ్లోలో సెలెక్ట్ డిఫాల్ట్ ఎత్తు 38 పిక్సెల్స్, అక్షరం 14, పైనా కిందా ప్యాడింగ్ (అంచుకూ అక్షరానికీ మధ్య ఖాళీ) 8 చొప్పున. ఇంగ్లిష్‌కు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాలు కిందికి దిగేది కొంచెమే. 14 పిక్సెల్స్ తెలుగు చదవడానికి ఇబ్బంది కాబట్టి నేను 17కు పెంచాను. ఎత్తు 38 దగ్గరే ఉంటే ప్యాడింగ్, అంచులు పోను లోపల మిగిలే చోటు 20 పిక్సెల్స్. అందులో 17 పిక్సెల్స్ తెలుగు అక్షరం, దాని కింద రెండు ఒత్తులు ఎలా పడతాయి?

అందుకని ఎత్తును ఆటో చేసి, కనీస ఎత్తు 52 ఇచ్చాను. లైన్ హైట్ (వరస ఎత్తు అక్షరానికి ఎన్ని రెట్లో) 1.7, ప్యాడింగ్ పైనా కిందా 10. లెక్క వేస్తే అక్షరం వరసకు దాదాపు 29, ప్యాడింగ్ 20, అంచులు 2, మొత్తం 51. మహారాష్ట్ర హాయిగా కూర్చుంది. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు. వేరే తెలుగు ఫాంట్లతో కూడా చూశాను. కొన్నింటిలో ఒత్తులు ఇంకా కిందికి దిగుతాయి, అలాంటప్పుడు లైన్ హైట్ 1.8 వరకు పెంచాలి. ఏ ఫాంట్ అయినా "రాష్ట్రం", "స్త్రీ", "క్ష్మీ" లాంటి వాటితో పరీక్షించాలి. "కమల", "పడవ" రాసి చూస్తే ఏ ఫాంట్ అయినా బాగానే కనిపిస్తుంది.

అక్షరం 16 పిక్సెల్స్ కంటే పెద్దగా ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉంది. 16 కంటే చిన్న అక్షరం ఉన్న ఫారం డబ్బాను ముట్టుకుంటే ఐఫోన్ సఫారీ పేజీని జూమ్ చేస్తుంది. తర్వాత మనిషి రెండు వేళ్లతో మళ్లీ చిన్నది చేసుకోవాలి. 14 వదిలేస్తే ప్రతి ఐఫోన్ వాడికీ ఇదే తంతు.

అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్ స్పేసింగ్‌ను సున్నా చేశాను. ఇంగ్లిష్ టెంప్లేట్లలో మెనూలకు అది కొంచెం పెట్టి ఉంటుంది, చూడటానికి స్టైల్‌గా ఉంటుందని. తెలుగులో అది అక్షరాలను విడివిడిగా చెదరగొట్టి మాటను చదవనివ్వదు.

బాణం మార్చడానికి కొద్దిగా సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) రాయక తప్పలేదు. సెలెక్ట్‌కు అప్పియరెన్స్ నన్ అని పెడితే బ్రౌజర్ సొంత బాణం పోతుంది. తర్వాత మెరూన్ రంగు ఎస్‌వీజీ బాణాన్ని బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్‌గా కుడివైపు 14 పిక్సెల్స్ లోపల నిలిపాను. కుడి ప్యాడింగ్ 44 ఇవ్వడం మర్చిపోతే పొడుగు పేర్లు బాణం మీదికి ఎక్కుతాయి. కీబోర్డుతో వచ్చినప్పుడు చుట్టూ కనిపించే ఫోకస్ గీతను తీసేయలేదు. మెరూన్‌లో 2 పిక్సెల్స్ మందం ఇచ్చాను. దాన్ని "అసహ్యంగా ఉంది" అని తీసేసే డిజైనర్లు ఉన్నారు. ట్యాబ్ కీతో ఫారం నింపేవాళ్లు ఎక్కడున్నారో వాళ్లకే తెలియకుండా పోతుంది.

లిస్టు క్రమం గురించి రెండు మాటలు. మొదటిది "రాష్ట్రం ఎంచుకోండి", దాని విలువ ఖాళీ. అప్పుడే "తప్పనిసరి" అనే సెట్టింగ్ పనిచేస్తుంది, 2×3 లాంటి తమాషా మళ్లీ జరగదు. తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, ఛత్తీస్‌గఢ్, అంటే ఆర్డర్లు వచ్చే చోట్లు. మిగతా రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అక్షర క్రమంలో. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 36.

ప్రతి ఎంపికకూ కనిపించే మాట ఒకటి, లోపలి విలువ ఒకటి ఇవ్వొచ్చు. కనిపించేది తెలుగు, విలువ ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాను. అబ్బాయి నెలకోసారి ఆర్డర్లన్నీ సీఎస్‌వీగా దింపుకుని స్ప్రెడ్‌షీట్లో తెరుస్తాడు. అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి తెరవకపోతే తెలుగంతా పిచ్చి గీతల్లా వస్తుంది. విలువ ఇంగ్లిష్‌లో ఉంటే ఆ టెన్షన్ లేదు, లెక్కలూ సులువు.

జాబితా ఫొటోల వెనక్కి పోయింది

ఉత్పత్తుల పేజీలో "వాడకాన్ని బట్టి" అని ఒక డ్రాప్‌డౌన్: మంచం మీదికి, హాల్లోకి, పూజకు, నమాజుకు, ఫంక్షన్లకు, ఇలా. ఒక్కోటీ ఒక కేటగిరీ పేజీకి లింకు, స్క్రిప్ట్ ఏమీ లేదు. బాగానే కట్టాను అనుకుని తెరిస్తే, మొదటి రెండు పేర్లు కనిపించాయి. మూడోదాని నుంచి షత్రంజీల ఫొటోల కిందికి పోయింది.

ఇలాంటప్పుడు అందరూ చేసేది ఒకటే, జాబితా జెడ్ ఇండెక్స్‌ను, అంటే ఏది పైన పడాలో చెప్పే అంకెను, 9999 చేయడం. వెబ్‌ఫ్లో డ్రాప్‌డౌన్‌కు ముందే 900 ఉంటుంది. 9999 చేసినా తేడా రాదు. ఎందుకో అర్థం కావాలంటే దుకాణంలో షత్రంజీ కట్టలు ఎలా పేర్చారో చూడాలి. ఒక కట్ట మీద ఇంకో కట్ట. కింది కట్టలో అన్నిటికంటే పైనున్న షత్రంజీ కూడా పై కట్టకు కిందే ఉంటుంది. జెడ్ ఇండెక్స్ అనేది కట్ట లోపలి వరస మాత్రమే.

ఇక్కడ కట్టలు కట్టింది స్క్రోల్ యానిమేషన్. పేజీ కిందికి జరిపితే ఫిల్టర్ వరస (ఈ డ్రాప్‌డౌన్ ఉన్న వరస), ఫొటోల గ్రిడ్ కింది నుంచి మెల్లగా తేలి వచ్చేలా పెట్టాను. యానిమేషన్ అయిపోయాక కూడా ట్రాన్స్‌ఫార్మ్ (ఎలిమెంట్‌ను జరిపే సెట్టింగ్) విలువ ఎలిమెంట్ మీద మిగిలే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మ్ ఉన్న ఎలిమెంట్ తనదైన స్టాకింగ్ కాంటెక్స్ట్ సృష్టిస్తుంది, అంటే వేరే కట్ట. ఫిల్టర్ వరస ఒక కట్ట, దాని తర్వాత వచ్చే గ్రిడ్ ఇంకో కట్ట. రెండూ ఒకే స్థాయి అయినప్పుడు తర్వాత వచ్చిందే పైన పడుతుంది.

పట్టుకోవడానికి దారి తేలికే. బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి, జాబితా నుంచి ఒక్కో తల్లి ఎలిమెంట్ పైకి ఎక్కుతూ ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ, ఫిల్టర్ లాంటివి ఆపుతూ పోవాలి. ఏది ఆపగానే జాబితా పైకి వచ్చిందో అదే దోషి. నేను ఫిల్టర్ వరసకు యానిమేషన్ తీసేశాను. అసలు వాడుకునే వస్తువు తేలుతూ రావాల్సిన పని లేదు. దానికే పొజిషన్ రిలేటివ్, జెడ్ ఇండెక్స్ 2 ఇచ్చాను. కట్టనే పైకి ఎత్తితే లోపలివన్నీ దాంతోపాటే పైకి వస్తాయి. 9999 అక్కర్లేదు.

దీనికీ, ఓవర్‌ఫ్లో హిడెన్ వల్ల తెగడానికీ తేడా కంటితోనే తెలుస్తుంది. జాబితా మీద ఇంకేదో ఎక్కి కూర్చుంటే అది పొరల గొడవ. జాబితా కత్తిరించినట్టు ఆగిపోయి దాని చోటులో ఏమీ లేకుండా మామూలు పేజీయే కనిపిస్తే ఏదో తల్లి ఎలిమెంట్‌కు ఓవర్‌ఫ్లో హిడెన్ ఉందన్నమాట. మొదటిదానికి రెండోదాని మందు పనిచేయదు.

అప్పగించాక

పరీక్ష నా ల్యాప్‌టాప్ మీద కాకుండా దుకాణంలోనే చేశాం. యజమాని ఫోన్‌లో అక్షరాల సైజు సెట్టింగ్స్‌లో బాగా పెంచి ఉంది, యాభై దాటినవాళ్లు చాలామంది అలాగే పెట్టుకుంటారు. ఆ ఫోన్‌లో సైజు డబ్బాలు వరసకు రెండు పట్టక ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఎత్తులు ఆటోలో ఉన్నాయి కాబట్టి ఏదీ తెగలేదు. గుమ్మం బయట ఎండలో నిలబడి చూస్తే లేత బూడిద రంగులో ఉన్న "రాష్ట్రం ఎంచుకోండి" కనిపించలేదు. ఆ రంగును ముదురు చేసి, తెలుపు మీద కాంట్రాస్ట్ నిష్పత్తి 4.5 దాటేలా చూశాను.

సైజు తప్పుగా వచ్చే మెయిళ్లు ఆగాయని అబ్బాయి చెప్పాడు. పిన్‌కోడ్ మాత్రం యజమాని అన్నట్టే చాలామంది వదిలేస్తున్నారు. ఊరు, మండలం ఉంటున్నాయి కాబట్టి అబ్బాయే వెతికి రాసుకుంటున్నాడు.

జాబితా లోపల మెరూన్ కావాలన్న కోరిక ఇంకా బతికే ఉంది. 2025లో వచ్చిన క్రోమ్ 135 నుంచి సెలెక్ట్ లోపలి జాబితాను కూడా సీఎస్ఎస్‌తో స్టైల్ చేసే వీలుంది, అప్పియరెన్స్‌కు బేస్ సెలెక్ట్ అని పెడితే. అది తెలియని బ్రౌజర్లు ఆ వరసను పట్టించుకోకుండా మామూలు జాబితానే చూపిస్తాయి, ఏదీ చెడిపోదు. ఇంగ్లిష్ పేజీ పని మొదలుపెట్టినప్పుడు ఆ నాలుగు వరసలు రాసి, మొదట యజమాని ఫోన్‌లోనే తెరిచి చూపిస్తానని చెప్పాను. "ముందుగాల మెరూన్ జేయి, ఇంగ్లిష్ తర్వాత జూద్దాం" అన్నాడు.